కొర్రగాని బువ్వ

నందికొట్కూరు బస్టాండు దగ్గర ఎగ్‌రైస్ బండి పెట్టే అన్నకి నేనొక వింత గిరాకీని. వారానికోసారి పొద్దు మునిగాక పోతాను. ఎగ్‌రైస్ కొనను, ఆమ్లెట్ కొనను. కోడిగుడ్డు పెంకులు అడుగుతాను.

మొదటిసారి అడిగినప్పుడు ఆయన గరిటె ఆపి నా మొహం చూశాడు. "పెంకులా? గులాబీ చెట్లకా అక్కా?" అన్నాడు. "కాదన్నా, కుక్కకి" అన్నాను. పక్కన తింటున్న ఇద్దరు కాలేజీ పిల్లలు ప్లేట్లు పట్టుకునే నవ్వారు. ఇప్పుడందరికీ అలవాటైపోయింది. నేను కనపడగానే బండి కింద నుంచి కవరు తీసి, "నీ కుక్క బంగారం తీస్కపో" అంటాడు.

ఆ కవరు వెనక ఒక కథ ఉంది. చాలా తెలివిగా చేస్తున్నానని అనుకుంటూ నేను చేసిన తెలివితక్కువ పని కథ. మీ ఇంట్లో కుక్కపిల్ల ఉందా? దానికి మీరే ప్రేమగా వండి పెడుతున్నారా? అయితే ఈ వారం మీతోనే నా ముచ్చట.

రెండేళ్ల కిందట వానాకాలంలో కేసీ కెనాల్ గట్టు మీద దొరికాడు వాడు. నెలా పదిహేను రోజుల పిల్ల. ఒళ్లంతా బురద. ఇంటికి తెచ్చి కడిగితే అచ్చం పొట్టు తీయని కొర్రల రంగు తేలింది. అవ్వ చూసీ చూడగానే "కొర్రగాడు మే వీడు" అంది. నేను అప్పటికే నాలుగు ఇంగ్లీషు పేర్లు ఫోన్‌లో రాసిపెట్టుకున్నాను. ఒక్కటీ అతకలేదు. వాడు అవ్వ పేరుకే తోక ఊపాడు.

మొదట్లో పాలన్నం పెట్టాం. తర్వాత నా కంట ఒక రీల్ పడింది. తెల్లటి కిచెన్, తెల్లటి గిన్నె, తెల్లటి కుక్క. ఉడికించిన చికెన్ బ్రెస్ట్, అన్నం, పైన నాలుగు క్యారెట్ ముక్కలు. ప్యాకెట్‌లో ఉండేదంతా కెమికల్సే, ఇంటి వంటే అసలైన ప్రేమ అని చెప్పారు అందులో. నాకు బాగా నచ్చింది. ఆరోజు నుంచి రోజూ పొద్దున్నే చికెన్ షాపుకి పోయి బోన్‌లెస్ కొట్టించుకుని రావడం, కుక్కర్‌లో రెండు విజిల్స్, ఫోటో, స్టేటస్. నాలుగు నెలల పాటు మా ఊళ్లో అందరికంటే ఖరీదైన భోజనం వాడిదే. ఇంట్లో మేం వారానికొకసారి తినే చికెన్ వాడు రోజూ తిన్నాడు.

చలికాలం మొదలయ్యేసరికి వాడి నడక మారింది. ముందు కాళ్లు రెండూ విల్లులాగా బయటికి వంగాయి. పాదం మీద కాకుండా మణికట్టు మీద నడుస్తున్నట్టు ఉండేది. పిల్ల కదా, ఎదిగే కొద్దీ సర్దుకుంటుందని అనుకున్నాం. ఒకరోజు అరుగు మీద నుంచి కిందికి దూకాడు. అంతా కలిపి అడుగున్నర ఎత్తు. దూకిన చోటే కూలబడి అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మా జిల్లా ఇప్పుడు నంద్యాలే. కానీ ఇట్లాంటి ఆపద వస్తే మా కాళ్లు కర్నూలు వైపే పోతాయి. నాయన బండి నడిపాడు, నేను వెనక కూర్చుని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. దారంతా వాడు నా చెయ్యి నాకుతూనే ఉన్నాడు.

డాక్టరు ఎక్స్‌రే తీసి వెలుతురుకి పట్టుకున్నాడు. "ఎముక ఎట్లా కనపడాలి?" అని నన్నే అడిగాడు. "తెల్లగా" అన్నాను. "మరిది?" అన్నాడు. అది తెల్లగా లేదు. పొగలాగా, బూడిద రంగులో ఉంది. చుట్టూ ఉన్న కండకీ ఎముకకీ పెద్దగా తేడా లేదు. కుడి ముందు కాలి ఎముక పచ్చి కొమ్మ వంగినట్టు ఒకచోట మడతపడి ఉంది.

"ఏం పెడుతున్నారమ్మా?"

నేను గర్వంగానే చెప్పాను. బోన్‌లెస్ చికెన్, అన్నం, క్యారెట్. ఉప్పు లేదు, కారం లేదు, బయటి తిండి అసలే లేదు.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇందులో కాల్షియం ఏది?" అన్నాడు, అంతే.

ఆయన చెప్పింది, తర్వాత నేను చదివి తెలుసుకున్నది కలిపి మీకు నా మాటల్లో చెప్తాను. మాంసంలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. కుక్క తిండిలో కాల్షియం ఫాస్ఫరస్‌తో సమానంగానో, కొంచెం ఎక్కువగానో ఉండాలి. ఒకటికి ఒకటి నుంచి రెండుకి ఒకటి దాకా అన్నమాట. నేను పెట్టిన గిన్నెలో లెక్క తిరగబడింది. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, నరాలు నడవవు. అందుకని ఒళ్లు ఊరుకోదు. మెడ దగ్గరుండే పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ వదిలి, ఉన్న ఒకే ఒక నిల్వలోంచి కాల్షియం తోడుతాయి. ఆ నిల్వే ఎముక. ఇంట్లో గింజలు లేక గోడలో ఇటుకలు పీకి అమ్ముకున్నట్టు. బయటికి కుక్క బొద్దుగా, జుట్టు మెరుస్తూ, హుషారుగానే ఉంటుంది. లోపల ఇల్లు గుల్ల అవుతుంటుంది.

ఎదిగే పిల్లకి ఇంకా ఎక్కువ కావాలి. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2006లో కుక్కల పోషకాల లెక్క వేసింది. దాని ప్రకారం పెద్ద కుక్కకి ప్రతి వెయ్యి కేలరీల తిండిలో 1 గ్రాము కాల్షియం ఉండాలి. పిల్లకైతే 3 గ్రాములు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు తీసి చూస్తే, వంద గ్రాముల తెల్ల బియ్యంలో కాల్షియం 8 మిల్లీగ్రాములు కూడా లేదు. 3 గ్రాములెక్కడ, 8 మిల్లీగ్రాములెక్కడ! ఆ రాత్రి ఫోన్‌లో ఈ అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"పాలు పోసేద్దాం, కాల్షియం సిరప్ తాగిద్దాం" అన్నాను డాక్టరుతో. ఆయన వద్దన్నాడు. వాడి సైజు పిల్లకి పాలతోనే సరిపెట్టాలంటే రోజుకి లీటరు పైనే పోయాలి, అన్ని పాలు తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. సిరప్ ఇష్టమొచ్చినట్టు పోస్తే ఎక్కువై, అది ఇంకో రకంగా ఎముకల్ని చెడగొడుతుంది. ముఖ్యంగా పెద్ద జాతుల పిల్లలకి. అందుకని ఆయన రాసిచ్చిన మందు ఏంటో తెలుసా? ప్యాకెట్ తిండి. కుక్కపిల్లల కోసం చేసే మామూలు డాగ్ ఫుడ్. నొప్పికి కొన్ని మాత్రలు, ఆరు వారాలు పరుగు లేకుండా చిన్న జాగాలో కట్టడి. అంతే.

రీల్ చూసి నేను తిట్టిన ప్యాకెట్టే వాడి కాళ్లు నిలబెట్టింది. ఈ మాట రాయడానికి ఇప్పటికీ కొంచెం కష్టంగానే ఉంది.

ఇంట్లో మాత్రం ఈ వైద్యం నాయనకి నచ్చలేదు. "మా నాయన గొర్రెల మందకి రెండు కుక్కలుండె. వాటికెవురు ప్యాకెట్లు పెట్నారు? సంగటి ముద్ద, ఇన్ని మజ్జిగ. పులుల్లెక్క ఉండె" అన్నాడు.

ఈ ప్రశ్న మీ ఇంట్లోనూ వస్తుంది, రాసిపెట్టుకోండి. నేను చాలా రోజులు ఆలోచించాను. నాయన చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే సగమే. మంద కుక్క సంగటి ఒక్కటే తిని బతకలేదు. చేలో ఎలుకని పట్టేది, బొక్కలతో సహా మింగేది. గొర్రె చస్తే, కోస్తే, పచ్చి ఎముకలు దానివే. ఈనిన గొర్రె మాయ దానిదే. ఎలుకంటే చిన్న విషయం కాదు. మాంసం, కార్జం, ఎముక, అన్నీ సరైన పాళ్లలో ప్యాక్ చేసిన భోజనం అది. మనం కుక్కని ఇంట్లోకి తెచ్చి, గేటు వేసి, ఎలుకని తీసేసి, సంగటి మాత్రం మిగిల్చాం. నేనైతే ఇంకొంచెం ముందుకి పోయి బోన్‌లెస్ చేశాను. అసలైంది తీసేసి రేటు పెంచడమన్నమాట! ఇంకో మాట కూడా ఉంది. ఆ కాలంలో కాళ్లు వంకరపోయి చచ్చిపోయిన పిల్లల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. మిగిలిన రెండు పులులే తాతకి గుర్తున్నాయి.

ఇది విన్నాక నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అవునుమే, పిల్లలు దండిగా సచ్చిపోతుండె" అన్నాడు.

సంగటిని మాత్రం తక్కువ చేయకండి. కుక్కంటే మాంసమే తినాలి, గింజలు విషం అని వాదించేవాళ్లు ఇన్‌స్టాలో చాలామందే ఉన్నారు. స్వీడన్‌లోని ఉప్సాలా యూనివర్సిటీకి చెందిన ఎరిక్ యాక్సెల్సన్ బృందం 2013లో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన వేసింది. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్ తయారుచేసే జన్యువు తోడేలులో రెండు కాపీలే ఉంటే, కుక్కలో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయని తేల్చింది. మనిషి గింజలు పండించడం మొదలుపెట్టాక, వాడి పెంటకుప్ప దగ్గర తిరిగి తిరిగి కుక్క కడుపే మారిపోయింది. అంటే మన జొన్న రొట్టె ముక్క, కొర్ర బువ్వ, రాగి సంగటి వాడికి బాగానే అరుగుతాయి. బాగా మెత్తగా ఉడకాలి, అంతే. మా నంద్యాల వ్యవసాయ పరిశోధనా కేంద్రం 'సూర్యనంది' లాంటి కొర్ర రకాలు వదిలింది కదా, మా వైపు కొర్రలకి కరువు లేదు. కొర్రగాడు కొర్రలు తింటే అవ్వకి అదొక ఆనందం.

ఆరు వారాలైంది. రెండో ఎక్స్‌రేలో ఎముక తెల్లబడింది. ఎడమ కాలు కొంచెం వంకర మిగిలిపోయింది, అది జీవితాంతం ఉంటుంది. వాడికి ఆ సంగతి తెలియదు. పిల్లి కనపడితే ఆ కాలితోనే గోడ దాకా పోతాడు.

ఏడాది నిండేదాకా ప్యాకెట్టే పెట్టాం. ఆ తర్వాత మళ్లీ వండాలని అనిపించింది. డాక్టరుని అడిగితే, "పెద్దోడయ్యాడు కదా, వండు. కానీ ఈసారి తూకం వేసి వండు" అన్నాడు. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ వాళ్లు 2013లో ఒక పని చేశారు. పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో కుక్కలకి ఇంటి వంట అని ఉన్న రెండు వందల రెసిపీలు తీసుకుని ఒక్కోదాన్నీ లెక్కగట్టారు. వాటిలో 95 శాతం రెసిపీల్లో కనీసం ఒక ముఖ్యమైన పోషకం తక్కువైంది. వాటిల్లో కొన్ని పశువైద్యులు రాసినవి కూడా. కాబట్టి ఫాలోవర్లు ఎంతమంది ఉన్నా, తెల్ల గిన్నె రీల్‌ని గుడ్డిగా నమ్మకండి. నన్ను కూడా నమ్మకండి. నేను ఇప్పుడు చెప్పేది డాక్టరు చూసి సరేనన్న మా కొర్రగాడి లెక్క. వాడు పదిహేను కిలోలు, ఆపరేషన్ అయిన మగ కుక్క, జబ్బు లేదు. మీ కుక్క బరువు వేరు, వయసు వేరు, కిడ్నీలో ఏముందో వేరు. పిల్లలకి, కడుపుతో ఉన్నవాటికి, జబ్బు ఉన్నవాటికి ఈ గిన్నె పనికిరాదు.

వాడికి రోజుకి దగ్గరదగ్గర 850 కేలరీలు కావాలి. కొర్రలు 110 గ్రాములు, పచ్చివిగా తూచి, గంట నానబెట్టి జావకి కాస్త గట్టిగా ఉడికిస్తాను. స్కిన్ తీసిన బోన్‌లెస్ చికెన్ పావు కిలో. కోడి కార్జం ఇరవై గ్రాములు, అంటే చిన్న ముక్క. ముద్దుగా తింటున్నాడని రోజూ వంద గ్రాములు పెట్టేరు, విటమిన్ ఏ ఎక్కువై అదో జబ్బు. ఒక ఉడికించిన గుడ్డు. సొరకాయో గుమ్మడికాయో క్యారెట్టో అన్నీ కలిపి గుప్పెడు, మెత్తగా ఉడికించి చిదిమి. నూనె రెండు టీస్పూన్లు. పెంకుపొడి అర టీస్పూన్, కాస్త గుట్టగా. ఇదంతా ఒక రోజుకి, పొద్దున సగం, సాయంత్రం సగం.

పెంకుపొడి చేయడం సులువే. పెంకులు కడిగి, పది నిమిషాలు నీళ్లలో మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో పౌడర్ డబ్బాలోని పొడిలా అయ్యేదాకా తిప్పాలి. గరుకు తగిలితే మళ్లీ తిప్పాలి. అర టీస్పూన్‌లో ఒక గ్రాము కాల్షియం వస్తుంది. మా మిక్సీ జార్ ఒకటి దీనికే అంకితమైపోయింది, అమ్మ దాన్ని ముట్టుకోదు. రాగుల్లో కాల్షియం లేదా అంటే ఉంది, పోషకాహార సంస్థ పట్టికలో వంద గ్రాములకి 364 మిల్లీగ్రాములు. గింజలన్నింట్లో అదే గొప్ప. కానీ అందులో కొంత ఫైటేట్‌తో ముడిపడి ఒంటికి పట్టదు. ఎముకలేని చికెన్‌లోని ఫాస్ఫరస్‌తో పోటీపడడానికి అది ఒక్కటే చాలదు. సంగటి పెట్టిన రోజు కూడా పెంకుపొడి మానను.

ఇంతా చేసి, ఇది కూడా పూర్తి భోజనం కాదు. జింక్, అయోడిన్, విటమిన్ ఈ, విటమిన్ డి ఈ గిన్నెలో చాలవు. దానికి డాక్టరు రాసిచ్చిన పొడి ఒకటి కలుపుతాను. డి విటమిన్ అనగానే అవ్వకి నవ్వొచ్చింది. "మన ఎండకి కరువా మే?" అంది. నేనూ అదే అనుకున్నాను. ఏప్రిల్‌లో మా ఊరి ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. కానీ కుక్క చర్మం మనలాగా ఎండతో కావాల్సినంత డి విటమిన్ చేసుకోలేదు. రోజంతా అరుగు మీద పడి కాగినా రాదు, తిండిలోంచే రావాలి. అందుకే శ్రీశైలం వెనక నీళ్ల చేపలు మార్కెట్‌కి వచ్చినప్పుడు ఒకరోజు చికెన్ మానేసి, ముళ్లు తీసి చేప పెడతాను. ఆ రోజు వాడు గిన్నెని ఇల్లంతా తోసుకుంటూ తిరుగుతాడు.

ఇక మా వంటింటి యుద్ధం. రాయలసీమ వంటలో కుక్కకి పనికిరానివి ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలిసింది. మొదటిది ఎర్రగడ్డ, అంటే ఉల్లిపాయ. కర్నూలు జిల్లాలో పుట్టి ఉల్లిగడ్డ మంచిది కాదంటే ఎవరు నమ్ముతారు? కానీ నిజం. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాల్ని పగలగొడతాయి. పచ్చిదైనా, ఉడికినా, పొడైనా అంతే. ఒక్కసారి ఎక్కువ తిన్నా ప్రమాదమే, రోజూ కొంచెం కొంచెం తిన్నా కూడుకుంటుంది. వెల్లుల్లి పెడితే గోమార్లు పడవని ఎవరైనా చెప్తే దణ్ణం పెట్టి వచ్చేయండి.

రెండోది ద్రాక్ష, ఎండుద్రాక్ష. కొన్ని కుక్కలకి నాలుగు తిన్నా కిడ్నీలు పోతాయి. పండక్కి పాయసం గిన్నె నాకించే అలవాటు మా ఇంట్లో అక్కడితో ఆగిపోయింది. ద్రాక్షలో ఉండే టార్టారిక్ యాసిడ్ వల్లే ఇలా జరుగుతుందని 2021లో అమెరికా పశువైద్యులు అనుమానం చెప్పారు. ఇప్పుడు చెప్పండి, మన వంటింట్లో టార్టారిక్ యాసిడ్ ఎందులో ఉంటుంది? చింతపండులో! పచ్చిపులుసు, చారు, పులుసన్నం అన్నీ బందు. ఈ మాట విని అవ్వ కాసేపు చింతపండు బుట్టని అనుమానంగా చూసింది. ఆ పైన చాక్లెట్, షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో వేసే జైలిటాల్, ఇవి మీకు తెలిసే ఉంటాయి.

మూడోదాని మీదే పెద్ద గొడవ జరిగింది. బొక్కలు. ఆదివారం నాటుకోడి వండితే, తిన్నాక ప్లేట్లో మిగిలిన బొక్కలన్నీ కుక్కకి వేయడం మా ఇంట్లో తరాల అలవాటు. పచ్చి ఎముకకి కాస్త వంగే గుణం ఉంటుంది. ఉడికిందంటే పెళుసై, సూదుల్లాగా చీలుతుంది. గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. "కాల్షియం లేదంటివి, బొక్కలు వద్దంటివి. ఏందిమే నీ లెక్క?" అంది అవ్వ. న్యాయమైన ప్రశ్నే. పచ్చి ఎముక కూడా నేను పెట్టను, పళ్లు విరుగుతాయి, పచ్చి కోడితో సాల్మొనెల్లా వస్తుంది, అది ఆ గిన్నె కడిగే మనకీ అంటుతుంది. అందుకేగా పెంకులు ఏరుకునే బతుకు!

ఒక సంగతి ఒప్పుకోవాలి. వండటం అందరికీ కుదరదు. నాకే వారంలో రెండు రోజులు కుదరదు, ఆ రోజులు ప్యాకెట్టే. సిగ్గుపడాల్సిన పని లేదు. పూర్తి, సమతుల ఆహారం అని రాసి ఉందా, మీ కుక్క వయసుకి తగ్గదేనా అని మాత్రం చూడండి. ఇంకా సులువైన దారి కావాలంటే, తిండిలో పదో వంతు మించకుండా గుడ్డో, గుమ్మడికాయో, కాస్త కొర్ర బువ్వో పైన కలపండి. ప్రేమ చూపించుకున్నట్టూ ఉంటుంది, లెక్క తప్పనూ తప్పదు.

కొర్రగాడు తూకం చెడిందో లేదో తెలుసుకోవడానికి నా దగ్గర వంటింటి తూకం ఉంది, అవ్వ దగ్గర చెయ్యి ఉంది. వాడు పక్కన పడుకోగానే పక్కటెముకల మీద అరచెయ్యి ఆనిస్తుంది. ఎముకలు కంటికి కనపడకూడదు, చేతికి తగలాలి. తగలకపోతే, "రేపు బువ్వ తగ్గియ్ మే" అంటుంది. డాక్టరు చెప్పింది కూడా అదే పద్ధతి. అవ్వకెవరూ నేర్పలేదు, బర్రెల్ని చూసిన చెయ్యి అది.

పోయిన వారం పెంకుల కోసం పోతే బండి అన్న కవరు ఇవ్వలేదు. "ఒక నిమిషం ఉండక్కా" అని బండి వెనక్కి తీసుకెళ్లాడు. గోనెపట్టా మీద ఒక నల్ల కుక్క, దాని పొట్ట కింద నాలుగు పిల్లలు.

"పది దినాలైంది ఈని. ఈ పెంకులు నేనే దంచి దీనికి పోస్తే అయితాదా?"

కాదన్నాను. పాలిచ్చే తల్లికి ఒక్క కాల్షియం కాదు, అన్నీ రెండింతలు మూడింతలు కావాలి. దానికి కూడా పిల్లల ప్యాకెట్టే మంచిది, నేను తెచ్చిస్తానన్నాను. "మరి ఇప్పుడేం పెడుతున్నావన్నా?"

"ఏముందక్కా, రాత్రి మిగిలిన ఎగ్‌రైస్."

ఇద్దరం ఒకేసారి పెనం వైపు చూశాం. దాని మీద గుప్పెడు ఎర్రగడ్డలు చిటపటలాడుతున్నాయి.

నిన్న మళ్లీ పోయాను, ప్యాకెట్ ఇవ్వడానికి. ఉల్లిగడ్డ, కారం పడకముందే ఒక డబ్బా నిండా తెల్లన్నం, రెండు ఉడికించిన గుడ్లు పక్కకి తీసి పెట్టి ఉన్నాయి. ఒక గిరాకీ వేలు చూపించి అదేంటని అడిగాడు.

"అది పార్సల్" అన్నాడు అన్న, గరిటె తిప్పుతూనే.